రెండున్నర అంగుళాల వారసత్వం

కర్రి బుల్లబ్బాయి కారు ముందు బంపరు వంకరపోవడానికి కారణం ఒక గేదె. ఆ వంకర నెలన్నరపాటు చెక్కుచెదరకుండా నిలవడానికి కారణం ప్రభుత్వం. ఈ ఇద్దరిలో గేదె మీద బుల్లబ్బాయికి ఇప్పటికీ కోపం లేదు. అది వచ్చింది, గుద్దింది, వెళ్లిపోయింది. మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోమని అడగలేదు.

కాకినాడ జగన్నాథపురంలో అతన్ని ‘పెళ్లికారు బుల్లబ్బాయి’ అంటారు. వయసు అరవై రెండు. కారు 1957 నాటిది కాబట్టి అతనికంటే పెద్దది. పేరు గజలక్ష్మి. గుండ్రటి ముక్కు, మీగడ రంగు ఒళ్లు, ముందు అద్దంలా మెరిసే బంపరు. ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లు అత్తారింటి ముందు దిగి, ఎవరూ చూడకుండా ఒకసారి ఆ బంపరులోకి వంగి బొట్టు సరిచేసుకోవడం రివాజు. గజలక్ష్మి ఎక్కిన జంట విడిపోయిన దాఖలా లేదని బుల్లబ్బాయి చెబుతాడు. ఒక జంట విడిపోయింది గానీ, వాళ్లు తిరుగు ప్రయాణంలో వేరే కారు ఎక్కారు.

ఆ సంవత్సరం ప్రభుత్వానికి పాత కార్ల మీద ప్రేమ పుట్టింది. ఎవరో పెద్దమనిషి ఏదో దేశంలో పాత కార్ల ఊరేగింపు చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని తిరిగొచ్చారట. వెంటనే ‘ప్రాచీన వాహన వారసత్వ పరిరక్షణ ప్రాధికార సంస్థ’ వెలిసింది. కాకినాడలో దానికి చేపల శాఖ ఖాళీ చేసిన షెడ్డు ఇచ్చారు. బోర్డు మీద పేరు పట్టక చివరి ‘సంస్థ’ పక్క గోడ మీద రాశారు. జనం మాత్రం ‘పాతకార్ల ఆఫీసు’ అని సరిపెట్టుకున్నారు. యాభై ఏళ్లు దాటిన ప్రతి వాహనమూ ఫలానా తేదీలోగా అక్కడ నమోదు కావాలి. కాకపోతే తుక్కుకి పోవాలి.

చివరి తేదీ ఉదయాన బుల్లబ్బాయి గజలక్ష్మిని కడిగి, తుడిచి, బయల్దేరాడు. పాలకేంద్రం మలుపులో గేదె ఎదురైంది. పెద్ద దెబ్బేం కాదు. బంపరు ఎడమ కొస రెండున్నర అంగుళాలు కిందికి వాలి, ఒక అంగుళం వెనక్కి, చక్రం మీదికి ఒరిగింది.

షెడ్డులో ఇద్దరు ఉద్యోగులు టేపులు పట్టుకుని కారు చుట్టూ తిరిగారు. పదహారు వైపుల నుంచి ఫొటోలు తీశారు.

“బాబూ, ఆ బంపరు ఇందాక గేదె గుద్దిందండి. సాయంత్రానికి సరిచేయించేత్తాను. బాగానే ఉన్నట్టు రాసేసుకోండి” అన్నాడు బుల్లబ్బాయి.

“ఉన్నది ఉన్నట్టు రాయడం మా ఉద్యోగమండి. ఉండబోయేది రాయం” అన్నాడు టేపు పట్టుకున్నాయన.

రాశారు. ‘ముందు బంపరు: ఎడమ కొస 2½ అంగుళాలు దిగువకు, 1 అంగుళం వెనుకకు.’ తరవాత బంపరును పట్టి ఉంచే నాలుగు బోల్టులకూ ఇత్తడి తీగ చుట్టి, కరెంటు మీటరుకి వేసినట్టు సీసపు బిళ్లలు నొక్కి సీలు వేశారు. గంధపు రంగు కాగితం మీద ధ్రువపత్రం ఇచ్చారు. బుల్లబ్బాయి దాన్ని కళ్లకద్దుకుని, నేరుగా కాలేషా షెడ్డుకి వెళ్లాడు.

కాలేషా టింకరు. పాతికేళ్లుగా గజలక్ష్మికి జ్వరమొచ్చినా జలుబొచ్చినా చూసేది అతనే. కారు కిందికి దూరి చూసి, వెల్లకిలా పడుకునే మాట్లాడాడు.

“బ్రాకెట్ వంగిందంతేనండి. బోల్టులు వదులు చేసి, జాకీ పెట్టి లేపి, సందులో రెండు వాషర్లు వేసి బిగిస్తే పది నిమిషాలు. మీరు టీ తాగేలోపు...”

అక్కడ ఆగిపోయాడు. పానా చేతిలోనే ఉంది.

“ఇదేటండీ, బోల్టుకి తాళిబొట్టు కట్టారు?”

బుల్లబ్బాయి ధ్రువపత్రం వెనకవైపు మొదటిసారి చదివాడు. ‘నమోదు నాటి స్థితిని యథాతథంగా పరిరక్షించవలెను. సీలు తెంపినచో మూడేళ్ల జైలు, వాహనము జప్తు.’

కాలేషా మెల్లగా బయటికి జరిగి, పానాను గుడ్డతో తుడిచి, దాని చోట పెట్టేశాడు. షెడ్డు ఆనుకునే ఇల్లు. అతని కూతురు షమీమ్ టీ తెచ్చింది. ఆ పిల్ల నాలుగేళ్ల వయసులో గజలక్ష్మి వెనక సీట్లో నిద్రపోయి, లేచాక దిగనని ఏడ్చింది. “నీ పెళ్లికి నేనే తీసుకెళ్తాగా, ఇప్పటికి దిగు తల్లీ” అని బుల్లబ్బాయి మాటిచ్చి దించాడు. ఇప్పుడా పెళ్లి నెలన్నరలో ఉంది.

“మామయ్యా, దీనికేటయింది? మూతి తిప్పుకుంది?” అంది షమీమ్.

“ఏం లేదమ్మా. రేపు ఆఫీసుకెళ్లి ఒక్క మాట చెబితే అయిపోద్ది” అన్నాడు బుల్లబ్బాయి.

ఇంటికి వెళ్తుంటే తెలిసింది, అసలు కష్టమేమిటో. స్టీరింగు ఎడమకు తిప్పితే బంపరు కొస టైరుని గీసేస్తోంది. గజలక్ష్మి ఇక ఎడమకు తిరగదు. కాకినాడ వీధులు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి కాబట్టి సరిపోయింది: ఎడమకు వెళ్లాల్సినప్పుడల్లా ఒక వీధి ముందుకు పోయి, మూడుసార్లు కుడికి తిరిగితే అదే రోడ్డు వస్తుంది. నాలుగు నిమిషాల దూరంలో ఉన్న ఇంటికి బుల్లబ్బాయి అరగంటకు చేరాడు. భార్య సత్యవేణి గుమ్మంలో నిలబడి, కారు మూడుసార్లు కనిపించి మాయమవడం చూసింది.

“ఏవండీ, ఇంటికి ప్రదక్షిణలు చేసి వస్తున్నారా? మొక్కుకున్నారా ఏటి?” అంది.

జిల్లా వారసత్వ అధికారి త్రివిక్రమరావు గారు సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, మడత నలగకుండా కూర్చునే మనిషి. బుల్లబ్బాయి చెప్పిందంతా విన్నారు. ‘వంకర’ అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన ముఖం ముడుచుకుంది.

“వంకర అనకండి. ‘నమోదిత స్థితి’ అనండి.”

“అలాగేనండి. ఆ నమోదిత స్థితిని పది నిమిషాల్లో తీసేత్తారండి, మా కాలేషా.”

“సదరు వాహనం ఇకపై మీ సొంత ఆస్తి మాత్రమే కాదు. జాతి జ్ఞాపకం. రేపు ఎవరైనా కోటగోడ కూలిందని సిమెంటు పూసేస్తామంటే ఊరుకుంటామా?”

“కోటని గేదె గుద్దలేదు కదండీ. ఇది ఆవేళ పొద్దున్నే గుద్దింది. అంతకుముందు తిన్నగానే ఉండేదండి. ఇదిగో” అని బుల్లబ్బాయి జేబులోంచి ఒక పెళ్లి ఫొటో తీశాడు. పూలదండల కింద గజలక్ష్మి, గీత గీసినంత తిన్నటి బంపరుతో నవ్వుతోంది.

త్రివిక్రమరావు గారు కళ్లజోడు సవరించుకుని ఫొటోను మర్యాదగా చూసి, మర్యాదగా వెనక్కి ఇచ్చారు.

“ఇది నమోదుకు పూర్వం. చట్టం దృష్టిలో అప్పటికి ఈ కారు లేదు. లేని కారుకు బంపరు ఎలా ఉంటుంది?”

బుల్లబ్బాయి ఫొటో వంక చూశాడు. అందులో తనూ ఉన్నాడు, ముప్ఫై ఏళ్ల కిందటి మీసంతో. చట్టం దృష్టిలో తనెక్కడ కూర్చున్నాడో అడుగుదామనుకుని మానేశాడు.

“సవరణకు మార్గం లేకపోలేదు,” అన్నారు త్రివిక్రమరావు గారు, అర్జీ కాగితం తీస్తూ. “నిపుణుల సంఘం పరిశీలిస్తుంది. లోహశాస్త్ర ఆచార్యులు ఒకరు, చరిత్ర ఆచార్యులు ఒకరు, పశువైద్యులు ఒకరు.”

“పశువైద్యులెందుకండీ?”

“గేదె విషయమై.”

మర్నాడు పొద్దున్నే, రెండో కుడి మలుపుకీ మూడో కుడి మలుపుకీ మధ్య, బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. రవాణా శాఖ వారు. ఈయన లావుగా, సరదాగా ఉంటారు. ఎవరి బండి ఆపినా సొంత బావమరిది బండి ఆపినట్టే మాట్లాడతారు.

“ఏంటి బుల్లబ్బాయిగారూ, బంపరు ఏలాడదీసుకుని తిరుగుతున్నారు? ఎవరి కాలికైనా తగిలితే? వారంలో తిన్నగా చేయించండి, లేకపోతే బండి లోపలేసేత్తాను” అని నోటీసు రాసిచ్చారు.

ఇలా బుల్లబ్బాయి చేతికి రెండు కాగితాలు వచ్చాయి. తిన్నగా చేస్తే కారు జప్తు అని ఒకటి. చెయ్యకపోతే కారు జప్తు అని ఒకటి. రెంటికీ గుండ్రటి ముద్రలే ఉన్నాయి. సత్యవేణి రెండూ చదివి, “పోనీ సగం సరిచేయించండి. సగం కారే పట్టుకెళ్తారు” అంది.

బుల్లబ్బాయి రెండో కాగితం పట్టుకుని మొదటి ఆఫీసుకి వెళ్లాడు. త్రివిక్రమరావు గారు కంగారుపడలేదు. శాఖల మధ్య సమన్వయమనేది ఒకటుందని చెప్పి, ఆ సాయంత్రం తనే బ్రేకు ఇన్‌స్పెక్టరు గారితో ఫోన్లో సమన్వయించారు. ఫలితంగా మర్నాడు గజలక్ష్మి ముందు, వెనక రెండు రేకు బోర్డులు తగిలించారు. పసుపు మీద నల్లటి అక్షరాలు: ‘హెచ్చరిక. ఈ వాహనము ఎడమకు తిరగదు.’ వాలిన కొసకు ఎర్రగుడ్డ కట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి తృప్తిపడ్డారు.

“బోర్డు ఉంది కాబట్టి ఇది లోపం కాదండి, హెచ్చరిక” అని నోటీసు చింపేశారు.

ఆ వారంలో రెండు పెళ్లిళ్లవాళ్లు గజలక్ష్మి వద్దని కబురు చేశారు. పెళ్లికూతురి ముందు ‘హెచ్చరిక’ అని బోర్డు ఉంటే మగపెళ్లివారు వేరేగా అనుకుంటారన్నారు. బుల్లబ్బాయి కారు దగ్గరికి వెళ్లి, ఎర్రగుడ్డ మాసిందని ఉతికి మళ్లీ కట్టాడు.

నిపుణుల సంఘం మూడో వారంలో వచ్చింది. లోహశాస్త్ర ఆచార్యులు బంపరును గోటితో మీటి విన్నారు. చరిత్ర ఆచార్యులు కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి పెట్టారు. పశువైద్యులు గేదెను కూడా చూసొచ్చానన్నారు. ఆరోగ్యంగా ఉంది, పూటకు ఆరు లీటర్లు ఇస్తోంది, ఉద్దేశపూర్వకంగా గుద్దిన లక్షణాలు లేవు.

“అయితే ఇది సహజ ఘటన. మానవ ప్రమేయం లేని ఘటన” అన్నారు చరిత్ర ఆచార్యులు. “గాలికీ వానకీ రూపుదిద్దుకున్న కొండల్లాగ!”

అప్పుడు టేపు పెట్టారు. కొస మూడు అంగుళాలు దిగి ఉంది. మూడు వారాల్లో ఊరి గోతులు చేసిన పని.

త్రివిక్రమరావు గారి ముఖం పాలిపోయింది. “అర అంగుళం అదనపు వంక... అదనపు నమోదిత స్థితి! బుల్లబ్బాయి గారూ, మీ సంరక్షణలో వారసత్వం దెబ్బతింది. దీన్ని తక్షణం అసలు స్థితికి తేవాలి.”

బుల్లబ్బాయి గుండె ఒక్కసారి ఎగిరింది. “అసలు స్థితికా అండీ?”

“రెండున్నర అంగుళాలకు.”

కాలేషాని అధికారికంగా పిలిపించారు. ఆరుగురు అధికారుల సమక్షంలో, వీడియో తీస్తుండగా, సీలు విప్పారు. కాలేషా బోల్టులు వదులు చేసి, కొస కింద జాకీ పెట్టి, చిన్నగా లేపాడు. లోహశాస్త్ర ఆచార్యులు స్కేలు పట్టుకుని చదువుతున్నారు. “రెండూ ముప్పావు... రెండున్నర! ఆపు!”

కాలేషా ఆపాడు. జాకీ పిడి ఇంకా అతని చేతిలోనే ఉంది. నాలుగు తిప్పులు తిప్పితే బంపరు తిన్నగా వస్తుంది. అతను త్రివిక్రమరావు గారి వంక చూశాడు.

“అయ్యా, ఎలాగూ లేపాను కదండీ. ఇంకొక్క రెండున్నర అంగుళాలు...”

“చెయ్యి తియ్!” అని ఆరుగురూ ఒక్కసారి అరిచారు. కాలేషా పాతికేళ్ల పనిలో ఒక వంకరను వంకరగా బిగించడం అదే మొదలు. వెంటనే కొత్త సీసపు బిళ్లలతో మళ్లీ సీలు వేశారు. అతను చేతులు కడుక్కుంటూ, “నాకు ఒళ్లంతా అదోలా ఉందండీ, బుల్లబ్బాయిగారూ” అన్నాడు.

సంఘం నివేదిక వారం తిరక్కుండానే వచ్చింది. సవరణకు అర్జీ తిరస్కరించారు. అంతటితో పోయేది. కానీ నివేదిక రాసేటప్పుడు త్రివిక్రమరావు గారికి ఒక సంగతి తట్టింది. 1957 నాటి ఆ రకం కార్లు జిల్లాలో పన్నెండు ఉన్నాయి. వాటిలో కొలతలు, ఫొటోలు, నిపుణుల సంతకాలు, గేదె ఆరోగ్య పత్రంతో సహా పూర్తి ఫైలు ఉన్నది గజలక్ష్మికొక్కదానికే. కాబట్టి ఆ రకానికి అదే ప్రామాణిక నమూనా. మిగతా పదకొండు కార్ల బంపర్లు నమూనాకు భిన్నంగా, అభ్యంతరకరమైన రీతిలో తిన్నగా ఉన్నాయి.

సర్క్యులరు వెళ్లింది. పదిహేను రోజుల్లో నమూనాకు అనుగుణంగా మార్చుకోవాలి.

ఆ పదిహేను రోజులూ కాలేషా షెడ్డు ముందు పదకొండు కార్లు బారులు తీరాయి. రామచంద్రపురం నుంచి ఒక డాక్టరు గారు, పెద్దాపురం నుంచి ఒక రైసుమిల్లు యజమాని, ఒక రిటైరైన జడ్జి గారు. తండ్రులు కొన్న కార్లు, కొడుకుల్లా చూసుకున్న కార్లు. డాక్టరు గారు తన బంపరు మీద చెయ్యేసి, “నెమ్మదిగా వంచవయ్యా. మత్తు ఇవ్వడానికి కూడా లేదు దీనికి” అన్నారు. జడ్జి గారు వేరే వైపు తిరిగి నిలబడ్డారు. కాలేషా ఒక్కోదాన్నీ స్కేలు పెట్టి రెండున్నర అంగుళాలు దించి, ఒక అంగుళం వెనక్కి నొక్కాడు. ప్రతిసారీ “మాఫ్ చెయ్ తల్లీ” అని కారుకి చెప్పుకున్నాడు.

ఇప్పుడు పన్నెండు కార్లు ఎడమకు తిరగవు. సినిమాహాలు వీధిలో ఇవి ఒకదాని వెనక ఒకటి కుడికీ, మళ్లీ కుడికీ, మళ్లీ కుడికీ తిరుగుతుంటే జనం అరుగులెక్కి చూడటం మొదలుపెట్టారు. ఒక పత్రికవాడు ఫొటో వేశాడు. దాన్ని రాజధానిలో ఎవరో చూసి ముచ్చటపడ్డారు. ‘దక్షిణావర్త వారసత్వ యాత్ర’ అని ప్రకటన వచ్చింది. శంఖాల్లో కుడికి తిరిగే దక్షిణావర్త శంఖం ఎంత శుభమో, కార్లలోనూ అంతేనట. మంత్రిగారు స్వయంగా వచ్చి కాలవ వంతెన పక్క మైదానంలో జెండా ఊపుతారు.

తేదీ చూసి బుల్లబ్బాయి కుర్చీలో కూలబడ్డాడు. అది షమీమ్ పెళ్లిరోజు.

పెళ్లి షాదీఖానాలో. పెళ్లికొడుకుది కాలవ అవతల ఊరు. షాదీఖానా ముందున్న రోడ్డు తిన్నగా వెళ్లి కాలవ దగ్గర ఆగిపోతుంది. ఎడమకు తిరిగి గట్టు మీద పోతే వంతెన. కుడివైపు ఐసు ఫ్యాక్టరీ గోడ. మూడు కుడులు తిరగడానికి అక్కడ ఒక కుడి కూడా లేదు.

“మా అమ్మాయి ఆటోలో వెళ్తుందండి. మీరు మనసులో పెట్టుకోకండి” అన్నాడు కాలేషా, నిఖా అయిపోయాక, కొత్త లాల్చీ చేతులు మడుచుకుంటూ. “ఆ మాటకేటండి, నాలుగేళ్ల పిల్లకి ఇచ్చిన మాట.”

బుల్లబ్బాయి లోపలికి చూశాడు. షమీమ్ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. గజలక్ష్మి కోసం గుమ్మం వైపు చూడటం లేదు. చూడకూడదని గట్టిగా అనుకుని కూర్చున్నట్టు కనిపించింది. అతను బయటికొచ్చాడు. కారు డిక్కీలోంచి పానా, కటింగ్ ప్లేయరు తీశాడు. ఇస్త్రీ చొక్కాతోనే కారు ముందు కూలబడి, సీసపు బిళ్లల్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు, కోసి జేబులో వేసుకున్నాడు.

“అయ్యబాబోయ్!” అని కాలేషా పరిగెత్తుకొచ్చాడు. “మూడేళ్లండీ! మూడేళ్లు లోపలేసేత్తారు!”

“అరవై ఐదుకి బయటికొత్తాను. కంగారేటి?” అన్నాడు బుల్లబ్బాయి, బోల్టుకి పానా పట్టిస్తూ. పానా జారింది. మళ్లీ పట్టించాడు. ఈసారి తప్పువైపు తిప్పాడు.

“వద్దండి. మీరు లేవండి.”

“లేవను.”

“లేవమంది అందుకు కాదండి. బోల్టు మర పోతది అలా తిప్పితే! ఇటివ్వండి ముందు, చూళ్లేకపోతున్నాను” అని కాలేషా పానా లాక్కున్నాడు. లాల్చీ తీసి గేటుకి తగిలించి, బనీనుతో కారు కిందికి దూరాడు. బోల్టులు వదులయ్యాయి. జాకీ కిర్రుమంది. వంగిన బ్రాకెట్టు మీద చెక్కముక్క పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. సందులో రెండు వాషర్లు దూర్చాడు. ఒక కన్ను మూసి, బంపరునూ షాదీఖానా మెట్టునూ కలిపి చూసి, వెంట్రుకవాసి పైకి లేపి బిగించాడు.

తొమ్మిది నిమిషాలు పట్టింది. బోర్డులు సత్యవేణి పీకి గోడవతల పారేసింది.

షమీమ్, పెళ్లికొడుకు వెనక కూర్చున్నారు. కాలేషా ముందు సీట్లో కూర్చుని, తెచ్చుకున్న రుమాలుతో నూనె చేతులే తుడుచుకున్నాడో, కళ్లే తుడుచుకున్నాడో, రెండూ నల్లబడ్డాయి. కాలవ దగ్గర బుల్లబ్బాయి ఊపిరి బిగబట్టి స్టీరింగు ఎడమకు తిప్పాడు. గజలక్ష్మి వెన్నలోకి కత్తి దిగినట్టు తిరిగింది. వెనకనించి షమీమ్ చప్పట్లు కొట్టింది.

వంతెన ముందు ట్రాఫిక్ కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. పాత కారు కనబడగానే, “ఆలస్యమైందండీ, తొందరగా లైన్లోకి వెళ్లండి” అని మైదానంలోకి చెయ్యి ఊపాడు. పెళ్లి అనీ, వంతెన దాటాలనీ బుల్లబ్బాయి చెప్పింది బ్యాండు మేళంలో కలిసిపోయింది. వెనక మంత్రిగారి వాహనాలు హారన్ కొడుతున్నాయి. దారి లేక పదకొండు కార్ల పక్కన పన్నెండోదిగా నిలబెట్టాడు.

మంత్రిగారు దిగి, వరస వెంట నడిచారు. పదకొండు కార్లు, పదకొండు బంపర్లు, అన్నీ ఒకే వాటంగా ఎడమకు వాలి ఉన్నాయి. మంత్రిగారు తల ఊపుతూ వచ్చి గజలక్ష్మి ముందు ఆగారు.

“ఇదేంటయ్యా, ఇదొక్కటే వంకరగా ఉంది?”

త్రివిక్రమరావు గారు స్కేలు తీసి కొలిచారు. మళ్లీ కొలిచారు. తెగిన ఇత్తడి తీగ చూశారు. బుల్లబ్బాయి కారు దిగి, చేతులు ముందుకు చాపి నిలబడ్డాడు, బేడీలు వేసేవాడికి వీలుగా ఉంటుందని.

“అయ్యా, నమూనాకు రెండున్నర అంగుళాల తేడా ఉంది” అన్నారు త్రివిక్రమరావు గారు.

“నమూనా నా కారేనండి!” అన్నాడు బుల్లబ్బాయి.

“నమూనా ఫైల్లో ఉంది. ఇది నమూనాకు సరిపోలడం లేదు. కనుక ఇది ఆ రకం కారు కాదు. ఆ రకం కానప్పుడు ఆ సంవత్సరానిదీ కాదు. ఈ వాహనం నమోదును ఇప్పుడే రద్దు చేస్తున్నాను.”

“మరి సీలు తెంపాడు కదయ్యా?” అన్నారు మంత్రిగారు.

“నమోదులో లేని వాహనానికి సీలు వేసే అధికారం మనకు లేదండి. కనుక వేయలేదు. వేయని సీలు తెగదు.”

మంత్రిగారు ఆలోచించి, అది సబబే అన్నారు. డాక్టరు గారు తన కారు పక్కనించి ఒక అడుగు ముందుకు వేసి, “సార్, మాది కూడా కొంచెం రద్దు...” అన్నారు.

“మీది అన్నివిధాలా నమూనాకు సరిపోయింది. అభినందనలు” అన్నారు త్రివిక్రమరావు గారు.

బుల్లబ్బాయి చేతులింకా చాపే ఉన్నాడు. “అయితే నా బండి తుక్కుకేనాండి?” అని మెల్లగా అడిగాడు. కారులో షమీమ్ ముసుగు తీసి వింటోంది.

త్రివిక్రమరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. ఆయన నిజాయితీపరుడు; పుస్తకంలో లేనిది చెప్పరు.

“తుక్కుకి పోవాలంటే యాభై ఏళ్లు దాటినట్టు రుజువు కావాలి. తయారైన సంవత్సరం తెలియని వాహనం విషయంలో, అధికారి మొదట చూసిన తేదీనే తయారీ తేదీగా భావించవలెను, అని ఉంది.” గడియారం చూసుకున్నారు. “ఇవాళ.”

అక్కడికక్కడే కాగితం రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. బుల్లబ్బాయి దాన్ని రెండు చేతులా అందుకుని, నడిచి వెళ్తున్నాడో ఎగిరి వెళ్తున్నాడో తెలియకుండా కారెక్కాడు.

మైదానం గేటు దగ్గర బందోబస్తులో ఉన్న బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. కాగితం మొత్తం చదివారు. గజలక్ష్మిని ముక్కు నుంచి తోకదాకా చూసి, టైరుని కాలితో తట్టి, ముఖం చాటంత చేసుకున్నారు.

“కొత్త బండా! మరి స్వీట్లేవండీ?”

షమీమ్ వెనక కిటికీలోంచి మిఠాయి పెట్టె అందించింది. ఆయన రెండు తీసుకున్నారు. ఒకటి నోట్లో వేసుకుని, బంపరు మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, బుల్లబ్బాయి వైపు వంగారు.

“కొత్తలో ఇంజను సర్దుకోవాలి. మొదటి సర్వీసింగు అయ్యేదాకా స్పీడు నలభై దాటించకండే!”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు బుల్లబ్బాయి.

దాటించలేదు. గజలక్ష్మి పుట్టి బుద్ధెరిగాక నలభై దాటింది ఎప్పుడూ లేదు.